ఊరగాయల రహమీం ప్రార్థన

జెరూసలేం బజారులో ఊరగాయల రహమీం ఎవరంటే ఎవరైనా చూపిస్తారు. సిరియాలోని అలెప్పో నుంచి వలస వచ్చిన కుటుంబం వాడు. వీధిలోని యూదుల ప్రార్థనాలయం కారుతుంటే పైకప్పు పోయించింది అతనే. మంచు కమ్మేసిన ఏడాది పారతో దారి చేసి తలుపు తీసిందీ అతనే. అన్నిటికన్నా గొప్ప ఏమిటంటే, తెల్లవారుజాము మౌన ప్రార్థనకు నిలబడితే అందరికంటే ఆఖరున ముగించేది అతనే. అది తండ్రి నేర్పిన ధ్యానం. కళ్లు మూసుకుని, దేవుని నామంలోని నాలుగక్షరాలను, ప్రార్థనలో వరసగా వచ్చే ఒక్కో దీవెనకు ఒక్కో గుణింతంతో మనసులో నిలుపుకోవాలి. అవి చెదిరితే మళ్లీ మొదటి అక్షరం నుంచి నిలుపుకోవాలి.

ఆ చలికాలం మెట్ల మీద జారి రహమీం తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ప్రార్థనకు బయల్దేరుతుంటే భార్య లతీఫా గుమ్మంలో అడ్డం నిలబడింది.

"కూర్చుని చేసుకోండి. రోగికి ధర్మశాస్త్రమే ఒప్పుకుంది కదా."

"రోగి ఎవరే ఇక్కడ? మా నాన్న ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ నిలబడ్డాడు."

"ఆయన తుంటిలో ఇనుప కడ్డీ లేదుగా!"

ఆమెను తప్పించుకుని ప్రార్థనాలయానికి వెళ్తే, అక్కడ రహమీం నిలబడే చోటు వెనక కుర్చీ వేసి ఉంది. సరిగ్గా అతని ముందు వరుసలో నిలబడే బస్సు డ్రైవర్ మెనాషే వేసిన కుర్చీ.

"తీసెయ్ తమ్ముడూ. ముసలాళ్లకు వేసుకో."

"నీకోసం కాదులే అన్నా, నాకోసం. నువ్వు పడితే నా వీపు మీదే కదా పడేది!"

రహమీం నవ్వలేదు. ప్రార్థన నియమం ప్రకారం పాదాలు జత చేసి నిలబడ్డాడు. మొదటి దీవెన ధ్యానం కుదిరింది. రెండోదానికి తుంటిలో సూదులు దిగాయి. పళ్లు బిగించాడు. అక్షరాలు చెదిరాయి. మళ్లీ నిలుపుకున్నాడు, మళ్లీ చెదిరాయి. చుట్టూ ఒక్కొక్కరే మూడడుగులు వెనక్కి వేసి ముగిస్తున్నారు. వెనకవాడు ముగించనిదే ముందువాడు అడుగు వెనక్కి వెయ్యకూడదు గనుక మెనాషే అలాగే ఉండిపోయాడు.

మూసిన కళ్ల ముందు రహమీంకు అక్షరాలు లేవు. నిలబడ్డ రహమీం కనిపిస్తున్నాడు, అతన్ని చూసి మెచ్చుకుంటున్న బజారు కనిపిస్తోంది. ఇంతసేపూ తను పట్టుకుని వేలాడుతున్నది దేవుని నామాన్ని కాదు, తన కాలిని!

తన మీద తనకే ఒళ్లు మండింది. వెనక్కి చెయ్యి చాపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాదాలు మాత్రం విడదీయలేదు. ఎవరో గుసగుసలాడారు, పట్టించుకోలేదు. చెదిరిన దీవెన దగ్గరే పట్టుకున్నాడు. మొదటి అక్షరం వచ్చింది, దాని పక్కన రెండోది. ఈసారి కదలనివ్వలేదు. ఏ దీవెననూ తొందరపెట్టకుండా చివరిదాకా వెళ్లాడు.

ముగించి, కుర్చీ పట్టుకుని లేచి, దాన్ని పక్కకు నెట్టి, కుంటుతూనే మూడడుగులు వెనక్కి వేశాడు. వెంటనే మెనాషే కూడా వేసి తిరిగి చూశాడు.

"అన్నా, నిలబడ్డప్పటికంటే కూర్చుంటేనే ఇంకా ఆలస్యం చేశావు!"

"రేపు ఇంకా ఆలస్యం చేస్తా," అన్నాడు రహమీం. "నువ్వు వేరే చోటు చూసుకో."