కొత్త క్లస్టర్‌లో మొదటి ట్రిప్పు

నిన్న ఉదయం నిజాంపేటలోని మా ఇంట్లో, ఉప్మా చల్లారేలోపు, మా బావమరిది కూతురు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఒక కంటైనర్ క్లస్టర్ నిలబెట్టేసింది. ఎక్కడో ఉన్న కంప్యూటర్లను ఒక కట్టగా కట్టి, సాఫ్ట్‌వేర్‌ను వాటి మీద చిన్న చిన్న పెట్టెలుగా నడిపించే ఆ ఏర్పాటుకు, ఉద్యోగం చివరి ఏళ్లలో మాదాపూర్‌లోని ఒక క్యాబ్ కంపెనీలో నాకు మూడు రోజులు పట్టింది. "మీరెట్ల చేసిండ్రో డైరీల ఉంటది కద మామయ్యా, జర చూపియ్యుండ్రి" అందా పిల్ల. కింది అంతస్తులో ఉండే మా బావమరిది, రోజూలాగే ఏడింటికి పైకొచ్చి, సోఫాలో టీ తాగుతున్నాడు.

నా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, సర్వర్ గదిలో ఏసీ చలికి స్వెట్టర్ వేసుకుని, ప్రతి కమాండునూ ముందు కాగితం మీద రాసుకున్నాకే మీటలు నొక్కేవాళ్లం. నేనైతే డైరీలో పెన్సిల్‌తో రాసి, టైపు చేసి, పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను మా సర్వర్ల నుంచి క్లౌడ్‌కు మార్చే పని నాకు అప్పజెప్పినప్పుడు, ఒకటో క్లస్టర్ సాధనకు, రెండోది అసలు పనికి అని రాసుకుని, చివరి పనిగా "ఒకటోది తీసెయ్యి" అనే కమాండు కూడా ముందే రాసిపెట్టాను. మర్నాడు రెండోది మొండికేయడంతో, బాగా నడుస్తున్న ఒకటోదాన్నే అసలుదిగా చేసుకున్నాం. డైరీలో మాత్రం నేను దిద్దలేదు. మూడో రోజు మధ్యాహ్నం, డ్రైవర్లందరూ దాని మీదే బండ్లు నడుపుతుండగా, తెర వైపు సరిగా చూడకుండా, డైరీలో ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. నిజంగా తీసెయ్యాలా అని యంత్రం అడిగితే అవునన్నాను. టిక్కు పెట్టాను.

మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా బండ్లన్నిటిలో ఫోన్లు ఒకేసారి మూగబోయాయి. చందానగర్‌లో, దారి మధ్యలో కావాలనే మ్యాప్ ఆపాడని ఒక ప్రయాణికుడు డ్రైవరు చెంప పగలగొట్టాడట. గేటు ముందు ధర్నా చేసిన నలుగురు డ్రైవర్ల ఐడీలను మేనేజర్లు అంతకుముందు వారమే బ్లాక్ చేసి ఉండడంతో, ఈసారి అందరివీ కత్తిరించారనుకుని పదిహేను మంది జాకీ రాడ్లతో మెట్లెక్కి వచ్చారు. అద్దాల తలుపు ఒక్క దెబ్బకు రాలిపోయింది, అడ్డం వెళ్లిన సెక్యూరిటీ ఆయన నుదురు చీలింది. "యాప్ బంద్ వెట్టినోడు ఏడిరా? మెడల కార్డున్నోన్నల్లా బయటికి గుంజుండ్రి!" అన్న కేక వినగానే, నా ఐడీ కార్డు తీసి జేబులో కుక్కుకున్నాను. అదే కంపెనీలో డ్రైవర్ల సూపర్‌వైజరుగా ఉన్న మా బావమరిది అది చూశాడు. నన్ను లోపలి గదిలోకి నెట్టి, "బావా, నువ్వు మిషన్ లేపు, వీళ్లను నేను సూస్కుంట" అని తలుపు మూసి, తాను బయట నిలబడ్డాడు.

మళ్లీ మొదటినుంచి క్లస్టర్ కట్టడం మొదలుపెట్టాను. జర ఆగుండ్రన్నా, మా బావ లోపల అదే పనిమీద ఉన్నడు అని అతను బతిమాలుతున్నాడు. కంపెనీ చెంచాగానివి, జరుగు అని ఒకడు అరిచాడు. తరువాత దెబ్బలు. రాడ్డు తలుపుకు తగిలితే కొయ్య పగిలిన చప్పుడు, మనిషికి తగిలితే మెత్తటి చప్పుడు, ఆ తేడా ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. మొదటి యంత్రం లేచింది, రెండోది లేచింది, మూడోది ఇంకా సిద్ధం కాలేదని తెర మీద కనబడుతుండగా, తలుపు కింది సందులోంచి రక్తం సన్నగా పారి నా కుర్చీ చక్రాన్ని తాకింది. తలుపు తీసి, చేసింది నేనేనని చెప్పడానికి రెండడుగులు చాలు. వేయలేదు.

మూడోది లేచేసరికి బయట అందరి జేబుల్లోనూ ఫోన్లు మోగాయి, రాడ్లు ఆగిపోయాయి. తలుపు తీసి చూస్తే, మా బావమరిది నేల మీద ఎడమ కన్ను అదిమిపట్టుకుని ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం. రిసెప్షన్‌లోని అమ్మాయి బండి బుక్ చేస్తే, అందరికంటే దగ్గరగా ఉన్న డ్రైవరు ఫోన్ మోగింది. కొట్టినవాడిదే. అన్నా, లే అన్నా అని ఏడుస్తూ అతణ్ణి వాడే భుజాన వేసుకుని మెట్లు దిగాడు. కొత్త క్లస్టర్‌లో నమోదైన మొదటి ట్రిప్పు మా ఆఫీసు నుంచి దవాఖానకు.

కన్ను దక్కలేదు. కంపెనీ సాంకేతిక లోపమని రాసుకుంది, నేను డైరీలో "క్లస్టర్ సిద్ధం" అని రాసుకున్నాను. ఎవడో చేసిన తప్పును మా బావ సరిచేసిండు అని అతను ఇన్నేళ్లూ చుట్టాలందరికీ గొప్పగా చెబుతుంటే, నేను కాదనలేదు.

నిన్న డైరీ తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చాను. "గట్టిగ సదువు బిడ్డా, మీ మామ రాత ముత్యాల లెక్కుంటది" అన్నాడతను. చదువుతూ చదువుతూ "ఒకటోది తీసెయ్యి" దగ్గర, దాని కిందే మళ్లీ "క్లస్టర్ సిద్ధం" అని ఉండడం చూసి ఆగి, నా ముఖంలోకి చూసింది. ఈ విద్య తెలిసిన పిల్ల కదా. అప్పుడు నేనే, నిలబడి, ఆ రోజు తీసేసింది నేనేనని అతనితో చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టబోతూ బల్ల అంచు కోసం చేత్తో తడుముకున్నాడు.

"టిక్కు గూడ వెట్టినవా, బావా?"

అవునన్నాను. చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఏదైనా క్లస్టర్ తీసెయ్యాలంటే దాని పేరంతా టైపు చేయాలట, ఇంకొకరు సరేననాలట. డ్రైవర్లకు కోపమొస్తే ఫోన్‌లో యంత్రమే జవాబిస్తుంది, ఎక్కడానికి మెట్లూ పగలగొట్టడానికి అద్దమూ ఉండవు. మంచిదే. అయితే, తలుపు ముందు అడ్డంగా నిలబడే మనిషితోనూ ఇక పని లేదు.

ఇది రాసేసరికి తొమ్మిదయింది. ఇవాళ ఏడింటికి పోసిన అతని టీ గ్లాసు మీద మూత పెట్టి ఉంచాను.