ముఖానికి గంజి

మా కుటుంబంలో జిడ్డుకు క్షమ లేదు. తాతల కాలంలో మగ్గాలు, ఇప్పుడు విజయవాడలో చీరల దుకాణం. రంగు వేసే ముందు నూలును సోడా నీళ్ళలో ఉడకబెట్టి జిడ్డు వదలగొట్టాలి, లేకపోతే రంగు పట్టదు. నూలు విషయంలో ఇది నిజమే. మాతోనే ఉండే మా మేనత్త ఇదే నిజాన్ని నా ముఖానికి కూడా వర్తింపజేసింది. నూలుకూ ముఖానికీ ఏదో తేడా ఉండవచ్చని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. డిగ్రీ పాసైన నాకూ తట్టలేదు. సిలబస్‌లో లేదు.

"మొటిమంటే ఏంటే? లోపల పేరుకున్న జిడ్డు. గట్టిగా తోమితే అదే పోద్ది," అనేది అత్తయ్య.

తోమాను. శనగపిండితో తోమాను, కుంకుడురసంతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను. మా ఇంట్లో అంట్లగిన్నెలకు ఇంతకన్నా మర్యాద జరిగేది.

బయటి వైద్యం మరీ ఘనం. బ్యూటీ పార్లర్ ఆవిడ ఆవిరి పట్టి, సన్నటి ఇనప పుల్లతో మొటిమలన్నీ నొక్కి, "గ్లో చూడండి ఎలా వచ్చిందో!" అంది. వచ్చింది వాపు. ఆవిడ దానికీ డబ్బులు తీసుకుంది. ఆ తర్వాత ఫోనులో ఒక అమ్మాయి, జన్మలో మొటిమ ఎరగని ముఖంతో, ఒక యాసిడ్ మీద ఇంకో యాసిడ్ పూసుకోవాలని బోధించింది. యాసిడ్ అనగానే బాత్‌రూమ్ గుర్తుకు రావలసిన ఇంట్లో పుట్టి కూడా ఆర్డరు పెట్టాను. చివరికి మంచినీళ్ళు తగిలినా ముఖం భగ్గుమనేది.

"మండుతోందంటే పనిచేస్తోందన్నమాట," అంది అత్తయ్య.

ఆ లెక్కన పొయ్యిలో పెడితే ఇంకా బాగా పనిచెయ్యాలి.

ఇది అద్దం ముందు గొడవ మాత్రమే అయితే భరించేదాన్నేమో. ఆదివారాలు దుకాణంలోంచి ఫోనులో లైవ్ పెట్టి చీరలు చూపించే పని నాది. నేనే మొదలుపెట్టాను. తరతరాల ఆ వ్యాపారంలో ఇది నాది అని చెప్పుకోగలిగింది అదొక్కటే. ఒక ఆదివారం నాన్న ఫోను స్టాండును కిందికి దించాడు.

"చీరలు చూపించమ్మా, చాలు. మొహం అక్కర్లేదులే, తగ్గేదాకా."

ఆ రోజు నుంచి నేను మెడ దగ్గర మొదలయ్యే మనిషినయ్యాను. మైలవరం నుంచి ఒకావిడ, "బొమ్మకి కట్టి చూపిస్తున్నారాండీ?" అని కామెంటు పెట్టింది. నాన్న ఆలోచించకుండా "అవునండీ" అని టైపు చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటకొస్తే చీరలోనే ఉన్నాను.

కొన్నాళ్ళకి, "ఎవరైనా యాంకరమ్మాయిని పెట్టుకుందాం. నువ్వు ప్యాకింగ్ చూసుకుందువు," అన్నాడు. ఆ మర్నాడే గుణదలలో ఒక చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

"ఇప్పటిదాకా ఏమేం వాడారు?" అని అడిగిందావిడ. చెప్పడం మొదలుపెట్టాను. రాసుకోవడం మొదలుపెట్టి మధ్యలో పెన్ను కింద పెట్టేసింది.

"ఇంకేం మిగిలిందండీ, ఉప్పుకాగితమా?"

"అది ఇంకా ఎవరూ చెప్పలేదండి."

ఆవిడ నవ్వలేదు. "మొటిమల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ చర్మానికి పైపొరంటూ ఒకటి ఉండాలిగా. లోపలి తడి బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా ఆపేది అదే. దాన్ని మీరు రోజూ తోమి పారేస్తున్నారు. మంట అందుకే. ఇలా గీరుకుపోయిన చర్మం మీద మొటిమలు ఇంకా రేగుతాయి," అంది.

పెద్దగా నురగ రాని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. మిగతావన్నీ బంద్. మంట పూర్తిగా తగ్గాక మొటిమల మందు కొంచెం కొంచెంగా. అంతే. ఇన్ని హింసలు పడి వచ్చిన నాకు ఇంత చప్పటి వైద్యం కాస్త అవమానంగానే అనిపించింది.

ఇంట్లో సంగతి చెప్పగానే అత్తయ్య మండిపడింది. "జిడ్డు కారే మొహానికి మళ్ళీ క్రీమా? ఆవిడ పరీక్ష రాసే పాసయ్యిందంటావా?"

"అత్తయ్యా, మగ్గం ఎక్కించే ముందు పడుగుకి గంజి ఎందుకు పెడతారు?"

"పెట్టకపోతే పోగులు పీచు లేచి తెగవూ? నేతోళ్ళ ఇంట్లో పుట్టి అడగాల్సిన మాటేనా?"

"అందులో కొబ్బరినూనె ఎందుకు?"

"పోగు పెళుసెక్కకుండా."

"నా మొహానికి దేవుడు పెట్టి పంపిన గంజీ నూనే మనందరం కలిసి ఉతికి ఆరేశాం. దాన్నే మళ్ళీ పెట్టమంటోంది ఆవిడ."

అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గెలిచాననుకున్నాను. మర్నాడు పొద్దున స్టీలు గిన్నెతో నా మంచం దగ్గరికి వచ్చింది. గిన్నెలో వేడి వేడి గంజి, పైన తేలుతూ కొబ్బరినూనె.

"లేచి పట్టించు. నువ్వే అన్నావుగా."

ఉపమానం అనేది ఎంతవరకు పనిచేస్తుందో కాలేజీ చెప్పలేదు, ఆ గిన్నె చెప్పింది. పైనున్న నూనె తీసేశాక ఆ గంజి నా కాటన్ చీరకు చక్కగా సరిపోయింది.

క్రీము మాత్రం మానలేదు. అద్భుతమేమీ జరగలేదు. ముందు మంట పోయింది. చాలా వారాలకు ఎరుపు తగ్గింది. ఆ తర్వాత మొదలుపెట్టిన మందుతో కొత్త మొటిమలు తగ్గాయి. మచ్చలు మిగిలాయి. మా వాళ్ళకి ఈ వైద్యం మీద గౌరవం లేదు. మంట లేదు, కంపు లేదు, తిట్టుకుంటూ చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. దాన్ని వైద్యమని ఎవరు నమ్ముతారు?

ఈలోగా నాన్నకి యాంకరమ్మాయి దొరికింది. వచ్చే వారం నుంచి వస్తుందన్నాడు. ఆ ఆదివారం లైవ్ మొదలయ్యే ముందు స్టాండు నేనే పైకి లేపాను.

"ఇంకా మచ్చలున్నాయిగా అమ్మా?"

"చీరల మీద కాదుగా నాన్నా."

లైవ్ మొదలైంది. కామెంట్ల నిండా వైద్యులే. ఒకరు పసుపన్నారు, ఒకరు వేపాకన్నారు, ఒకాయన కడుపు శుభ్రం చేసుకోమన్నాడు. "థాంక్సండీ, మీకే రంగు చూపించమంటారు?" అని అందరినీ ఒకటే అడిగాను. చీరలు కొనే ఉద్దేశం లేనివాళ్ళు అక్కడితో మాయమయ్యారు. నాన్న చెయ్యి మెల్లగా స్టాండు వైపు రావడం కనిపిస్తూనే ఉంది.

అప్పుడు కంకిపాడు నుంచి ఒకావిడ రాసింది: "ఆ ముదురాకుపచ్చ చీర మీ భుజం మీద వేసుకుని చూపించండి. మొహానికి ఎలా ఉంటుందో చూద్దాం. నాది కూడా ఇలాంటి మచ్చల మొహమే."

భుజం మీద వేసుకున్నాను. ఆవిడ తీసుకుంది. వెనకాలే ఇంకొకావిడ అదే రంగు అడిగింది.

నాన్న చెయ్యి వెనక్కి వెళ్ళింది. ఆయన సౌందర్యదృష్టి అంత వేగంగా మారడం నేనెప్పుడూ చూడలేదు. దుకాణం వెనక్కి వెళ్ళి, మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటూ, యాంకరమ్మాయికి ఫోన్ చేసి చెప్పాడు: "ఇప్పుడే అవసరం లేదులేమ్మా. మా అమ్మాయే చూసుకుంటానంటోంది."