గోవిందా అన్నవాళ్ళు, శుక్రవారం వచ్చినవాళ్ళు

తెలుగువాళ్ళు తాతల నాడే వలసొచ్చిన ఈ హిందీ ఉక్కు ఊళ్ళో, గోల్‌మురిలో మా క్వార్టర్ ముందుగదిలో ప్రతి శనివారం సాయంత్రం పురాణం చదువుతాను. నాన్నగారి పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు అది. పద్యం చదివి, అర్థం చెప్పి, గొంతు దించి ఆగుతాను. అందరూ "గోవిందా!" అంటారు. ఆ మాట వినపడిందంటే భగవంతుడి కథ గుండెల్లోకి దిగినట్టేనని ఇన్నాళ్ళూ నా నమ్మకం.

మొన్న వేసవిలో మా అన్నయ్య కూతురు వచ్చింది. ఏ భాషతోనూ చుట్టరికం లేని ఒంటరి భాషల మీద పరిశోధన చేస్తోంది. అలాంటి భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఎలా విని అర్థం చేసుకుంటారన్నది దాని విషయం. కానీ పరిశోధనకు అసలు ప్రశ్నే కుదరడం లేదు. రెండుసార్లు రాసి పంపితే రెండుసార్లూ గైడు తిప్పికొట్టారు. నెలాఖరులోగా మూడోది పంపకపోతే ఆ అంశాన్నే వదులుకోవాలి.

ఆ శనివారం అది మూల కూర్చుని, పురాణం వినడం మానేసి జనాన్ని చూసింది.

"అత్తా, వీళ్ళలో సగం మందికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వు గొంతు దించగానే గోవిందా అనేత్తన్నారు."

"ఏటే! పాతికేళ్ళుగా చెప్తన్నాను, నాకు తెలీదేటి?"

"అయితే ఈసారి కథలో ఒక తప్పు కలిపి చూడు."

"పురాణంలో అబద్ధం ఆడితే కళ్ళు పోతాయి. కలపను."

చివరికి, నిజమే చెప్పాలనీ, పురాణం గొంతుతోనే చెప్పాలనీ ఒప్పందానికి వచ్చాం. తరవాతి శనివారం రెండు పద్యాల మధ్య, "వచ్చే పురాణం శనివారం కాదు, శుక్రవారం ఐదింటికి. దద్దోజనం ప్రసాదం" అని గొంతు దించాను. గదంతా "గోవిందా!" అంది. మా అబ్బాయి గొంతే అందరికన్నా గట్టిగా వినిపించింది.

శుక్రవారం పెద్ద గిన్నెడు దద్దోజనం కలిపి కూర్చున్నాను. ముగ్గురు ముసలివాళ్ళు వచ్చారు. మా అబ్బాయి స్కూటరు తీస్తున్నాడు.

"ఎక్కడికిరా?"

"ఆదిత్యపూర్. క్యోఁ, ఆజ్ క్యా హై?" అన్నాడు, ఇవాళ ఏముందన్నట్టు.

నా మొహం చూడలేక మేనకోడలు పుస్తకంలో తల దూర్చింది. అంతలో పర్సుడీహ్ నుంచి ఒక అత్తాకోడళ్ళు ఆటో దిగారు. కోడలు ఒడియా ఇంటి పిల్ల, పెళ్ళయ్యాకే తెలుగు నేర్చుకుంది.

"పురాణం శనివారమేనే అంటే ఇనదు కదా ఈ పిల్ల!" అంటోంది అత్తగారు.

"శుక్రవారం అన్నారు అత్తా," అంది కోడలు నెమ్మదిగా. "నాకు తెలుగు తక్కువ. ఒక్క మాట వదిలితే కథ పోతాది. అందుకే అన్నీ వింటాను."

మా మేనకోడలు అక్కడికక్కడే రాసుకుంది: భాష తనది కానివాళ్ళు మాట పట్టుకుని వింటారా, గొంతు పట్టుకుని వింటారా? పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్ళు దేన్ని పట్టుకుంటారు? ఆ ప్రశ్నను గైడు ఈసారి తిప్పికొట్టలేదు.

మర్నాడు శనివారం, మామూలు వేళకు ఇరవైమంది వచ్చి తలుపు కొట్టారు. తిట్టబోయి ఊరుకున్నాను. దేవుడి కథ కోసమే కదా వచ్చారు. చాపలు పరిచి మళ్ళీ మొదలుపెట్టాను. "పద్యం నేను చదువుతాను, అర్థం మీరు చెప్పండి. హిందీలో అయినా సరే" అన్నాను.

మొదటి పద్యం దగ్గరే అరగంట పట్టింది.