బోర్లా వేసిన రాతిమూత

కొత్తపేటలో ఒక రైతు ఇంటి ముందు బోదె, అంటే పిల్లకాలువ, మీది రాతిమూతను అక్షరాలు నీళ్లవైపుకి ఉండేలా బోర్లా వేశారు. అది తప్పు.

గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తల్లో మాట. నేను బడికి వెళ్లినవాణ్ణి కాను, ఇలాంటి రాళ్ల మీద వేలితో దిద్ది చదువు నేర్చినవాణ్ణి. నెల్లూరు నుంచి అంతదూరం వెళ్లింది కూడా కాలువల మూతల మీది రాతలు తాటాకులకెక్కించుకోవడానికే. ఈ మూత అంచు కింద చెయ్యి పెడితే అక్షరాలు వేళ్లకి తగిలాయి. నా పడవ కాసేపట్లో కదిలిపోతుంది.

ఆ ఇంటి రైతు మీద కేకలేశాను. "అక్షరాన్ని బురదలో పెడతారటయ్యా? తిరగెయ్యండి!"

"మేం తిరగెయ్యమండి," అన్నాడు, కొబ్బరికాయ ఒలవడం ఆపకుండానే.

"ఏం, చదువంటే అంత చేదా?"

"అది మా తాతగారి పేరండి. పైకి పెడితే ఊరంతా తొక్కుకుంటూ పోతారు. చదవాలంటే తమరే కిందకి దిగండి, నీళ్లు మోకాళ్లదాకానేనండి, ఆయ్."