ముత్తాతగారి డచ్చి పళ్ళెం

బందరులో మా పెదనాన్నగారింట్లో హాలు గోడకి, ఎవరి చెయ్యీ అందనంత ఎత్తులో ఒక పింగాణీ పళ్ళెం ఉండేది. తెల్లటి పళ్ళెం మీద నీలం బొమ్మలు. ఒక వంతెన, దాని మీద ముగ్గురు మనుషులు, పక్కకి వంగిన చెట్టు, ఆకాశంలో రెండు పిట్టలు. ఆ ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు ఆ పళ్ళెం కథ వచ్చేది.

కథ ఇదీ. పెదనాన్నగారి ముత్తాతగారి కాలంలో బందరు రేవులో డచ్చివాళ్ళు వ్యాపారం చేసేవాళ్ళట. ఒకరోజు ఒక డచ్చి దొర ఎక్కిన పడవ కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర బోల్తా పడిందట. ఒడ్డున సంధ్యావందనం చేసుకుంటున్న మా ముత్తాతగారు నీళ్ళలోకి దూకి, దొరని జుట్టు పట్టుకుని లాక్కొచ్చారట. ఆ కృతజ్ఞతతో దొర తను భోంచేసే పళ్ళెం ఇచ్చాడట.

"ముందున్నది దొర. మధ్యలో దుబాసీ. వెనక కర్ర పట్టుకున్నాయన, చూడండి, పిలక కూడా కనిపిస్తోంది, ఆయనే మావాడు," అని పెదనాన్నగారు చేతికర్ర ఎత్తి చూపించేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక అనుమానం వచ్చింది. "పెదనాన్నా, దొర తను తినే పళ్ళెమే ఇచ్చాడు కదా, అందులో తాతగారి బొమ్మ ముందే ఎలా ఉంది?" అని అడిగాను.

"కాపాడిన తర్వాత వేయించాడే," అన్నారాయన క్షణం కూడా ఆలోచించకుండా.

ఆ రోజు నుంచీ ఆ పళ్ళేనికీ నాకూ పడలేదు. నాన్న కూడా నా పక్షమే అనుకునేదాన్ని. పెదనాన్నగారు కథ ఎత్తుకోగానే నాన్న కండువా సర్దుకుని వాకిట్లోకి వెళ్ళిపోయేవారు. ఒక్క మాట అనేవారు కాదు. తమ్ముడు కదా, అన్నగారి ముందు కాదనలేక లేచిపోతున్నారని నా లెక్క. నాన్న ఇప్పుడు లేరు. నేను గుడివాడలో హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఆధారం లేనిదే ఏదీ నమ్మకూడదని పిల్లలకి పాఠం ముందు ఒకసారి, పాఠం తర్వాత ఒకసారి చెప్తాను.

పోయిన వేసవిలో బందరు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇంటికి రంగులు వేయిస్తున్నారు, పళ్ళేన్ని పెయింటర్ల చేతికి ఇవ్వనని మీ పెదనాన్న గోడకి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్నారు, నువ్వొచ్చి దింపు అని. శనివారం ఒంటిపూట స్కూలయ్యాక ప్యాసింజర్ ఎక్కేశాను.

స్టూలెక్కి, పళ్ళెం దింపి, తుడుద్దామని తిరగేశాను. వెనకంతా మందపాటి ఖాకీ కాగితం అంటించి ఉంది. పురుగులు తిని ఒకచోట పొరలుగా లేచింది. గోటితో గీకితే చివర మూడు ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. తడిగుడ్డ పెట్టి తుడిచాను. మొత్తం వచ్చింది. మేడ్ ఇన్ జపాన్.

ఆ నిమిషంలో నాకు కలిగిన ఆనందం పెద్దల ఎడల ఉండాల్సిన ఆనందం కాదని ఒప్పుకుంటున్నాను. స్టూలు మీంచి దాదాపు దూకాను.

"పెదనాన్నా, ఒకసారి ఇది చదవండి."

ఆయన కళ్ళజోడు తెప్పించుకున్నారు. చదివారు. తుడుచుకుని మళ్ళీ చదివారు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో గరిటతో నిలబడిపోయింది. పెయింటర్ కూడా బ్రష్షు ఆపాడు.

"నువ్వు సోషల్ టీచరువి కదూ?" అన్నారు పెదనాన్నగారు చివరికి.

"అవునండీ."

"జపాన్ వాళ్ళు తెల్లవాళ్ళెవరినీ గడప తొక్కనివ్వని రోజుల్లో ఒక్కళ్ళని మాత్రం వ్యాపారానికి రానిచ్చారు. ఎవరిని?"

జవాబు నాకు తెలుసు. అదే ఇబ్బంది.

"చెప్పవే, ఎవరిని?"

"డచ్చివాళ్ళని," అన్నాను.

"మరి!" అని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నారాయన. అంతవరకూ ఆ పళ్ళెం హాలండ్ నుంచి వచ్చిందనేవారు. ఆ సాయంత్రం నుంచి అది జపాన్ నుంచి హాలండ్ ఓడలో బందరు వచ్చింది. కథ ఒక దేశం పెరిగింది.

"ఇంగ్లీషులో ఎందుకు రాశారు మరి?"

"డచ్చిలో రాస్తే బందర్లో ఎవడికి అర్థమవుతుందే?"

నేను ఊరుకోలేదు. పక్కింట్లో ఉండే భాయ్‌గారు రోల్డ్ గోల్డ్ నగలకి పూత పెడతారు. ముప్ఫై ఏళ్ళుగా పెదనాన్నగారు వస్తువుల విషయంలో ఆయన మాట తప్ప ఇంకొకరి మాట వినరు. పళ్ళెం పట్టుకుని అక్కడికి వెళ్ళాను. పెదనాన్నగారూ వెనకే వచ్చారు. భాయ్‌గారు కంటికి భూతద్దం తగిలించుకుని అంచులు చూశారు, బొమ్మ చూశారు, వెనక అక్షరాలు చూశారు.

"బొమ్మ చేత్తో వేసింది కాదు పంతులుగారూ. అచ్చు. నా వయసుకి ఇటో అటో ఉంటుంది దీని వయసు," అన్నారు పెదనాన్నగారితో మెల్లగా.

పెదనాన్నగారు తలూపి, ఆయన భుజం తట్టి, బయటికొచ్చాక నా చెవిలో చెప్పారు. "మంచివాడు. కానీ ఆయనకి బంగారం తెలిసినట్టు పింగాణీ తెలీదు."

ఇక మిగిలింది మా ఫ్యామిలీ గ్రూపు. పళ్ళెం ముందూ వెనకా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేశాను, కింద నవ్వే బొమ్మ కూడా పెట్టి. ఆ గ్రూపులో పెళ్ళిరోజు శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ కనిపించవు. పావుగంట తర్వాత దివిసీమ నుంచి, కోడూరులో ఉండే మా పిన్ని ఒక ఫోటో పెట్టింది. బల్ల మీద ఐదు పళ్ళాలు. అదే వంతెన, అదే ముగ్గురు, అవే పిట్టలు. ఒకదాంట్లో ఇడ్లీ, పక్కన అల్లప్పచ్చడి.

'మా ఇంట్లో ఇవి ఐదున్నాయి,' అని రాసింది.

పిన్ని అంటే నాన్నకీ పెదనాన్నకీ అందరికంటే చిన్న తమ్ముడి భార్య. ఆ ఫోటో పెదనాన్నగారికి చూపించి, రేపే వెళ్దామన్నాను. ఆయన బెదురుతారనుకున్నాను. ఇస్త్రీ చొక్కా తీయించుకున్నారు.

ఆదివారం పొద్దున బస్సులో అవనిగడ్డ దాకా, అక్కణ్ణుంచి ఆటోలో కోడూరు. బాబాయి చేపల చెరువు దగ్గరికి వెళ్ళాడు. పిన్ని మాకు ఆ పళ్ళాల్లోనే ఉప్మా పెట్టుకొచ్చింది. పెదనాన్నగారు ఉప్మా వంక చూడలేదు. ఐదు పళ్ళాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టించి, వంగి, పిలక ఉన్న మనిషిని ఐదుసార్లు వెతుక్కున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"ఆరు! దొర ఆరు ఇచ్చాడన్నమాట. ఒక్కటే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ!"

పిన్ని నా వైపు చూసింది. నేను కళ్ళతోనే కానిమ్మన్నాను.

"అది కాదు బావగారూ. ఇవి మా మేనమామ మద్రాసులో ఫారిన్ సరుకులమ్మే బర్మా బజార్లో కొని నా పెళ్ళికిచ్చినవండీ."

"మీ మేనమామకి ఎవరమ్మారు?"

"కొట్టతను."

"ఆ కొట్టతనికి?"

"నాకేం తెలుసండీ!"

"తెలీదు కదా! మన ఇంట్లోంచి ఏ రోజుల్లో ఏది ఎటు పోయిందో ఎవరు చూశారు? ఊళ్ళన్నీ తిరిగి మళ్ళీ కోడలి చేతికే వచ్చాయమ్మా. ఇంకెప్పుడూ వీటిలో ఉప్మా పెట్టకు."

ఉప్మా స్టీలు పళ్ళాల్లోకి మారింది. తిని, మంచమ్మీద నడుం వాల్చగానే పెదనాన్నగారు గురక మొదలుపెట్టారు. నేను వంటింట్లో పీట వాల్చుకుని తలపట్టుకున్నాను.

"చూశావా పిన్నీ? కళ్ళెదురుగా ఉన్నా ఒప్పుకోరు!"

పిన్ని వంకాయలు తరుగుతోంది. కత్తిపీట ఆపి, గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"సెట్టుకి ఆరుంటాయి కదే. ఆరోది బందరు ఎలా వెళ్ళిందో అడగవేం?"

అప్పుడు తట్టింది నాకు, నిన్నటి నుంచీ నేను ఆ ప్రశ్నే అడగలేదని.

పిన్ని చెప్పింది. తను కొత్తగా కాపురానికొచ్చిన రోజులు. అందరూ బందరింట్లోనే ఉండేవారు. పెదనాన్నగారు ఏదో ఆఫీసు పని మీద పది రోజులు ఊళ్ళో లేరు. నాన్న గోడగడియారం సరిచేస్తానని స్టూలెక్కి, మోచెయ్యి తగిలించి, పళ్ళెం కింద పడేశారు. ముక్కలైపోయింది. ఆయన ముఖం చూడలేక పిన్ని తన పెళ్ళి సెట్టులోంచి ఒక పళ్ళెం తెచ్చిచ్చింది. అదీ నీలమే, ఇదీ నీలమే. వెనక అక్షరాలు కనపడకుండా నాన్న ఖాకీ కాగితం అంటించి, ముక్కలు గుడ్డసంచీలో వేసుకుని, సైకిలు మీద మంగినపూడి వెళ్ళి సముద్రంలో కలిపేసి వచ్చారు. పదోరోజు పెదనాన్నగారు వచ్చి, తలెత్తి చూసి, "ఎవర్రా అంత బాగా తుడిచింది?" అన్నారు.

"ఆ కథ వచ్చినప్పుడల్లా మీ నాన్న ఎందుకు లేచిపోయేవారనుకున్నావ్? కూర్చోలేక," అంది పిన్ని.

నేను పీట ముందుకి జరుపుకున్నాను.  "అయితే ఆ పాతది కూడా ఇలాంటిదే అయ్యుంటుందిగా?"

"ఇలాంటిది కాదే. బరువు. వంతెనా లేదు, మనుషులూ లేరు, ఒట్టి పువ్వులు. ఆ ముగ్గురూ మీ పెదనాన్న కథలోకి వచ్చింది ఆ తర్వాతే. ముక్కలు నేనేగా ఏరింది. అడుగున అక్షరాలు లేవు గానీ నీలంతో ఒక గుర్తు ఉంది." వేలు నీళ్ళలో ముంచి గచ్చు మీద గీసింది. పెద్ద వీ అక్షరం. దాని ఒక కాలికి అడ్డంగా సున్నా, రెండో కాలికి సీ.

అది డచ్చి కంపెనీ ముద్ర. నేను బోర్డు మీద ఏటా గీస్తాను.

నిజం చెప్తున్నాను, ఆ తడి గీతలు గచ్చు మీద ఆరిపోతుంటే నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది.

"ఏ పుస్తకంలోనో చూసుంటావు పిన్నీ, గుర్తులేక అలా అనుకుంటున్నావు."

"నేను ఏడో క్లాసులో చదువు మానేశాను. ఏ పుస్తకంలో చూస్తాను?"

"ఎవరో నకిలీ ముద్ర వేసి అమ్మి ఉంటారు."

"ఉంటారు."

"అసలు నలభై అయిదేళ్ళ కిందటి సంగతి అంత కచ్చితంగా ఎలా గుర్తుంటుంది? ఆ ముక్కలుంటే వేరు. ఆధారమేదీ?"

పిన్ని వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ ఆపదు. కొంగు నోట్లో కుక్కుకుంది. "అచ్చం మీ పెదనాన్నవే," అంది ఊపిరి తీసుకుంటూ. "ఆయన కాస్త నయం. ఆయన ఉప్మా పెట్టొద్దన్నారు, నువ్వైతే నేనసలు ఆ గుర్తు చూడనే లేదంటున్నావు."

మేం బయల్దేరేముందు పిన్ని నా చేత ఒట్టు వేయించుకుంది, పెదనాన్నగారికి చెప్పనని. నాన్న ఆమె చేత వేయించుకున్న ఒట్టేనట అది.

తిరుగు ప్రయాణంలో బస్సు మోపిదేవి దాటాక పెదనాన్నగారు కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి అన్నారు. "మీ నాన్న ఉంటే ఇవాళ ఒప్పుకునేవాడు. వాడికి నమ్మకం ఉండేది కాదు."

"నాన్నకి నమ్మకమే పెదనాన్నా," అన్నాను.

"ఊరుకో. కథ ఎత్తుకుంటే లేచిపోయేవాడు."

"నమ్మారు కాబట్టే లేచిపోయారు. నాకు తెలుసు."

"నీకేం తెలుసే, వాడు నా తమ్ముడు," అని కొట్టిపారేశారు. రెండు రోజుల్లో నేను ఆయనకి చెప్పినవాటిలో నేను గట్టిగా ఎరిగిన నిజం అదొక్కటే. అదీ ఆయన పుచ్చుకోలేదు. పుచ్చుకోనందుకు నాకేమీ కోపం రాలేదు. మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను కదా.

ఆ పాత పళ్ళెం సంగతి ఆయనకి చెప్పలేదు. ఒట్టు కోసమే అంటే బాగుంటుంది. తమ్ముడు అంతకాలం దాచాడని తెలిస్తే ఆయన తట్టుకోలేరన్నది ఇంకో కారణం. మూడోది కూడా ఉంది. చెప్తే, ఆయన మొదటి నుంచీ అంటున్నది నిజమేనని నా నోటితో చెప్పాల్సొస్తుంది. ఏది ఎంత బరువో నేను తూచి చూసుకోలేదు. చూసుకునే ఉద్దేశమూ లేదు.

కార్తీకమాసంలో పిన్నికి ఫోన్ చేశాను. పాలకాయతిప్పలో సముద్రస్నానాలకని వచ్చిన చుట్టాలతో ఇల్లంతా నిండి ఉంది. ఫోను పక్కన పెట్టి ఎవరికో గట్టిగా చెప్తోంది. అద్దాల బీరువా తలుపు తీయొద్దని, అవి డచ్చి దొర మా వాళ్ళకిచ్చినవని.

"పిన్నీ! నువ్వేగా బర్మా బజారన్నావు?" అన్నాను.

"అన్నానమ్మా. కాదన్నానా? కానీ ఆ కొట్టతనికి ఎవరమ్మారో నువ్వు చెప్పు చూద్దాం," అంది.