కార్ఖానా గోడౌన్‌లో లైను తెగిన రోజు

మా కంపెనీ సర్వర్లను క్లౌడ్‌కి మార్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ మాట ముందే చెప్పకపోతే, కొత్తదంటే గిట్టక మాట్లాడుతున్నానని అనుకుంటారు. రాంగోపాల్‌పేట్‌లోని హెడ్డాఫీసు సర్వర్ గదిని ఏళ్ల తరబడి చూసుకున్నాను. ఎండాకాలం ఏసీ మొరాయిస్తే తలుపులు బార్లా తీసి, యంత్రాలకు టేబుల్ ఫ్యాన్లు పెట్టి కాపలా కూర్చునేవాళ్లం. ఆ గది మూతపడుతుందంటే నాకు హాయిగానే అనిపించింది. ఎక్కడో పెద్ద కేంద్రంలో ఉండే యంత్రాలను అద్దెకు తీసుకుని, ఇంటర్నెట్ మీద వాడుకోవడం మంచి పద్ధతే.

మాది మందుల పంపిణీ కంపెనీ. మా గోడౌన్ల నుంచి ఆస్పత్రులకూ షాపులకూ సరుకు వెళ్తుంది. ప్రతి గోడౌన్‌లో ఒక చిన్న సర్వర్ ఉండేది. ఇంటర్నెట్ లైను పోయినా దాని మీద బిల్లులు నడిచేవి. క్లౌడ్‌కి మారినా వాటిని మాత్రం ఉంచుదామని మీటింగులో అన్నాను. కొత్తగా వచ్చిన మా ఐటీ హెడ్ నవ్వాడు.

"ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకున్నట్టు కాదమ్మా ఇది" అన్నాడు, అందరూ వినేలా.

రెండు వేర్వేరు కంపెనీల లైన్లు తీసుకుంటున్నామనీ, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందనీ వివరించాడు. భద్రత పేరుతో ఇంకో కట్టుదిట్టం కూడా చేయించాడు: ఏ గోడౌన్ సరుకైనా ఆ గోడౌన్ లైను నుంచే బయటికి వదలాలి. హెడ్డాఫీసు నుంచి కూడా కుదరదు. సిస్టమ్‌లో వేసిన ఆ తాళం తీసే అధికారం తన చేతిలోనే ఉంచుకున్నాడు. చిన్న సర్వర్లను ఆటోల్లో వేసి పాత సామానుకి పంపేశారు.

కార్ఖానా ఏరియాలోని మా గోడౌన్ బయట పైపుల కోసం రోడ్డు తవ్వుతుండగా తేలిన సంగతి ఏమిటంటే, ఆ రెండు కంపెనీల తీగలూ ఒకే కందకంలో పక్కపక్కన పడుకుని ఉన్నాయి. జేసీబీ రెండింటినీ ఒక్క పట్టున తెంపేసింది.

గోడౌన్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, దేనికీ గొంతు పెంచడు. "మేడమ్, జెర మీరొస్తే మంచిగుంటది. ఫోన్ల మీద సుత సిస్టమ్ తెరుచుకుంటలేదు. ఆస్పత్రోళ్లు వచ్చి నిలబడ్డరు" అన్నాడు. స్కూటీ మీద వెళ్లాను.

నిలబడ్డవాళ్లలో ఒకాయన ఐస్ డబ్బా గుండెకు ఆనించి పట్టుకుని ఉన్నాడు. ఆయన కొడుక్కి రక్తం గడ్డకట్టని జబ్బు. స్కూల్లో పడ్డాడట. సీతాఫల్‌మండిలోని ఒక చిన్న ఆస్పత్రిలో చేర్చారు. వాళ్ల దగ్గర ఇంజెక్షన్ అయిపోతే, ఆర్డరు కాగితం ఇచ్చి ఆయన్నే పంపారు.

"మోకాలు ఉబ్బిపోయింది మేడమ్. లోపట రక్తం కారుతున్నదంట" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ ఇంజెక్షన్ మా ఫ్రిజ్‌లోనే ఉంది. అద్దంలోంచి కనిపిస్తోంది, కానీ సిస్టమ్‌లో బిల్లు పడందే బయటికి ఇవ్వకూడదు. ఐటీ హెడ్‌కి ఫోన్ చేసి, హెడ్డాఫీసు నుంచైనా బిల్లు చేసేలా ఆ తాళం కాసేపు తీయమన్నాను. ఆడిట్ జరుగుతున్న నెలలో అలాంటిది కుదరదన్నాడు. మనిషి ప్రాణం సంగతని చెప్పాను. "తీగ అతికించేదాకా ఆగమనండి" అని పెట్టేశాడు.

ఆ మాట ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన వెళ్లి బీరువాలో అడుగున పడి ఉన్న పాత బిల్లు పుస్తకం తీశాడు. మందు మీది నంబరు, గడువు తేదీ నేను చదువుతుంటే ఆయన రాశాడు. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ తండ్రి డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకుని పరుగెత్తాడు. తరవాత వరసలో ఉన్నవాళ్లకూ అలాగే రాసిచ్చాం. సాయంత్రం ఆస్పత్రికి ఫోన్ చేస్తే పిల్లాడికి ఫర్వాలేదన్నారు.

ఆ తరవాత మెమో వచ్చింది. సిస్టమ్‌ను కాదని సరుకు వదిలినందుకు సంజాయిషీ ఇవ్వాలట. వచ్చింది ఇన్‌చార్జి ఒక్కడికే. పక్కనే నా సంతకం ఉన్నా నాకు రాలేదు. ఎందుకో తెలుసు: ఇంకా క్లౌడ్‌కి మార్చాల్సిన గోడౌన్లు ఉన్నాయి, ఆ పని నాతోనే అవ్వాలి. నా ఒళ్లు మండిపోయింది. మెమో పట్టుకుని ఐటీ హెడ్ గదిలోకి వెళ్లాను.

"నాకేదీ?" అన్నాను.

"మీరు ఎమోషనల్ అవుతున్నారు. ఇది ప్రాసెస్" అన్నాడు.

"రాయించింది నేను సార్. ఆయనకిచ్చారు కాబట్టి నాకూ ఇవ్వండి. లేదా ఆయనది వెనక్కి తీసుకోండి. ఈ రెండిట్లో ఒకటి జరిగేదాకా మిగతా గోడౌన్ల పని నేను ముట్టుకోను."

ముట్టుకోలేదు. ఇంట్లో మావారు ఉద్యోగం జాగ్రత్త అన్నారు. ఆఫీసులో నాతో టీకి వచ్చేవాళ్లు తగ్గారు. పని ఆగిపోయి పైవాళ్లు కారణం అడిగితే, ఆ రోజు గోడౌన్‌లో జరిగిందంతా చెప్పాను. అప్పుడు గానీ కదలిక రాలేదు. చివరికి ప్రతి గోడౌన్‌కీ మళ్లీ చిన్న సర్వర్లు కొన్నారు. వాటికి ఒక కొత్త ఇంగ్లీషు పేరు పెట్టి, తన ఆలోచనగా ఐటీ హెడ్ పెద్ద తెర మీద చూపించాడు. చప్పట్లు కొట్టారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

దానికంటే నన్ను కాల్చింది మెమో సంగతి. వెనక్కి తీసుకోలేదు. 'క్లోజ్ చేశాం' అని ఒక్క ముక్క పంపారు. ఇన్‌చార్జి అది నాకు ఫోన్‌లో చూపించి అడిగాడు:

"క్లోజ్ అంటే ఏంది మేడమ్? నేను తప్పు చేసినట్టా, చెయ్యనట్టా?"

అదే ప్రశ్న నేను పైవాళ్లకు రాసి పంపాను. మళ్లీ రాశాను. ఆయన రిటైరయ్యాడు, శాలువా కప్పారు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.