నాయనమ్మ నోట్లో త్రీ నాట్ త్రీ

ఖమ్మంలో క్రికెట్ బ్యాట్లు అమ్మే దుకాణం ముందు నుంచి పోతుంటే అవిసె నూనె వాసన తగిలి, బ్యాటు కొనేవాడిలా లోపలికి పోయి నిలబడ్డాను. కొనలేదు. ఆ వాసన నాకు ఆటను గుర్తు చేయదు, మా తాత చేతుల్ని గుర్తు చేస్తుంది. చండ్రుగొండ అవతల అడవంచు ఊళ్లో రిటైరైన కానిస్టేబుల్ ఆయన. రైఫిల్ కట్టెకు రుద్దిన అలవాటుతో చేతికర్రకూ అదే నూనె పట్టించేవాడు.

ఎండాకాలం వాకిట్లో ఇప్పపూలు ఎండుతూ ఊరంతా తియ్యగా, మత్తుగా వాసనేస్తుంటే, తునికి పండ్లు చప్పరిస్తూ మేం చుట్టూ కూర్చునేవాళ్లం. తాత తన త్రీ నాట్ త్రీ రైఫిల్ పురాణం విప్పేవాడు. తెల్లదొరల సైన్యం కోసం పుట్టి, రెండు ప్రపంచ యుద్ధాల బురదలో నాని, మన సైన్యానికి వచ్చి, అక్కడ కొత్తవి రాగానే పోలీసులకు దిగిందట అది. గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో పాయింట్ త్రీ నాట్ త్రీ. నాట్ అంటే సున్నా. బోల్టు పైకి లేపి, వెనక్కి గుంజి, ముందుకు తోసి, కిందికి వంచితే ఒక గుండు ఎక్కుతుంది. అంతటి యుద్ధాలు చేసిన తుపాకితో తాత కాపలా కాసింది బ్యాలెట్ పెట్టెలకూ, జాతర హుండీలకూ. ప్రాక్టీసులో తప్ప పేల్చిందే లేదు.

ఆ ఇంగ్లీషు అంకెలకు నోరు తిరగక నాయనమ్మ దాన్ని 'నాటుది' అనేది. కోపమొస్తే 'నా సవతి' అనేది. ఇంట్లో ఎవరం దిద్దలేదు.

ఆ ఎండల్లోనే ఎవరో నాటు తుపాకితో, అంటే గొట్టంలో మందు కూరి పేల్చే దొంగ తుపాకితో, అడవిలో దుప్పిని కొట్టారు. ఫారెస్టు జీపు ఊళ్లోకొచ్చి ఇల్లిల్లూ వెతకసాగింది. మా వాకిట్లో ఆఫీసరు, తుపాకి గిట్ల ఉందా అని మర్యాదకే అడిగాడు. నాయనమ్మ కూడా మర్యాదకే జవాబు చెప్పింది.

"ఇప్పుడు లేదు సారూ. మా ఆయన నౌకరి ఉన్నన్ని దినాలు నాటుదే మోసిండు."

తాత నోరు తెరిచేలోగా ఇద్దరు గార్డులు ఆయనకు చెరోపక్క నిలబడ్డారు. లోపల పెట్టెలు దబదబ కిందపడ్డాయి. అటక మీద, కొసకు ఇత్తడి బరువు కట్టిన తాడొకటి దొరికింది. అది రైఫిల్ గొట్టం తుడిచే తాడు. పాతబడి ఠాణాలో పారేస్తే తాత తెచ్చుకున్నాడు, నాయనమ్మ లంగాలకు బొందు ఎక్కించడానికి వాడుతోంది. ఆ సంగతి చెప్పే వీలు ఆఫీసరు ముఖంలో కనిపించలేదు. తాత తాను పోలీసునంటే, పోలీసుకు నాటు తుపాకి ఎందుకన్నాడు ఆఫీసరు. కేసంటే పెన్షను పోతుంది, దానికంటే ముందు పరువు. తాతను జీపు ఎక్కమన్నారు.

ఎక్కబోతుంటే, మందు ఎట్లా కూరేవాడని ఆఫీసరు నాయనమ్మను అడిగాడు.

"మందు కూరుడేంది సారూ? అయిదు గుండ్ల పట్టీలు రెండు పెడితే పది పడ్తయ్. బోల్టు గుంజాలె, తొయ్యాలె." ఖాళీ చేతులతో గుంజి, తోసి చూపించింది. "నిద్రల గూడ గిదే పని. నా పక్కటెముకలకు ఎర్క."

ఆఫీసరు ఆమె చేతుల్ని చూశాడు. "త్రీ నాట్ త్రీయా?"

"అవ్, గదే. నాటుది."

గార్డులు అటు తిరిగి నవ్వుకున్నారు. తాతను వదిలేసి జీపు పోయింది. తాత అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత మెల్లగా, "నాట్ అంటే సున్ననే," అన్నాడు.

"సున్నను సున్న అంటే అయిపాయె గద," అంది నాయనమ్మ.

ఇప్పుడు ఆ రైఫిళ్లు మా వైపు ఠాణాల్లో కనిపించవు. వాకిళ్లలో ఇప్పపూలు ఎండబెట్టేవాళ్లూ తగ్గారు. నాటు తుపాకులు మాత్రం అడవిలో ఇంకా దొరుకుతూనే ఉన్నాయట. మళ్లీ జీపు వస్తే ఇరికించడానికీ విడిపించడానికీ నాయనమ్మ ఉంది గానీ, పట్టుకుపోవడానికి తాత లేడు.